పిలిస్తే పలకాలి, మీటింగూ వినపడాలి

ఈసారి ఉత్తరం రాసినావిడకి 35 ఏళ్లు. ఇంటి నుంచే ఉద్యోగం. రోజుకి నాలుగైదు గంటలు మీటింగుల్లోనే పోతాయి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి, సొంత ఫోన్ ఒకటి. పని చేసుకునేది హాల్లో ఓ మూల, అదే హాల్లో అత్తగారి టీవీ. రెండేళ్లలో రెండు జతల ఇయర్‌బడ్స్ కొన్నారు. మొదటి జత ఏడాదిన్నర తిరిగేసరికి గంటసేపు కూడా చార్జింగ్ నిలవని స్థితికి వచ్చింది. రెండో జత పనిచేస్తోంది గానీ ఎడమ చెవిది మాటిమాటికీ జారి కింద పడుతోంది. పైగా మీటింగు మొదలవగానే శబ్దం "డబ్బాలోంచి మాట్లాడినట్టు" మారిపోతోందట, ఇవీ పాడైనట్టేనా అని అడుగుతున్నారు. ల్యాప్‌టాప్‌కి కలిపి ఉన్నప్పుడు ఫోన్ మోగితే, అక్కడ తీసి ఇక్కడ కలిపేలోపు అవతలివాళ్లు పెట్టేస్తున్నారు. "అది పాప బడి నుంచి వచ్చిన ఫోన్ అయితే, మళ్లీ చేసి మాట్లాడేదాకా నా ప్రాణం నా దగ్గరుండదు" అని రాశారు.

కొత్తవి కొందామంటే ఇంట్లో తలా ఒక మాట. తమ్ముడికి ఆడియో పిచ్చి. రోజుకో వీడియో పంపి ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాటని ఎక్కువ వివరంగా పంపే పద్ధతి) ఉండాలి, 50 మిల్లీమీటర్ల డ్రైవర్ (లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) ఉండాలి, చవకవి కొంటే మళ్లీ పారేయాల్సిందే అంటాడు. భర్త మాత్రం "పాత ఫోన్‌తో వచ్చిన వైరు ఇయర్‌ఫోన్స్ సొరుగులో పడున్నాయిగా" అంటారు. అత్తగారి ఫిర్యాదు వేరు: పిలిస్తే పలకదు, చెవుల్లో ఏవో పెట్టుకుని కూర్చుంటుంది. ఈ ఏడాదికి ఒక్కసారే, అదీ చవకరకంలోనే కొనగలరు. మూడోసారి కూడా తప్పు కొంటే మాట పడాల్సి వస్తుందని భయం. మల్టీపాయింట్, నాయిస్ క్యాన్సిలేషన్ లాంటివి నిజంగా అవసరమా, డబ్బు దండగా అన్నది ప్రశ్న. చివర్లో ఒక వాక్యం: "నా కోసం కొనుక్కునే వస్తువుకి ఇంతమందికి సంజాయిషీ చెప్పుకోవాలా?" మధ్యలో ఎక్కడో మాటవరసకి, కళ్లజోడు పెట్టుకుంటానని కూడా రాశారు. అది మాటవరసకి రాసే విషయం కాదు, తర్వాత చెప్తాను.

ముందు ఖర్చు లేని సంగతి. మీ ఇయర్‌బడ్స్ పాడవలేదు.

బ్లూటూత్‌లో పాటలు వెళ్లే దారి వేరు, ఫోన్ మాటలు వెళ్లే దారి వేరు. పాటల దారిలో శబ్దం రెండు చెవులకీ విడివిడిగా, సాధారణంగా సెకనుకి 44,100 శాంపిళ్లతో, అంటే అన్ని శబ్దపు తునకలతో వస్తుంది. ఇయర్‌బడ్స్ మైక్ తెరుచుకుందంటే మాత్రం రెండో దారిలోకి మారిపోవాల్సిందే. ఆ దారి ఇరుకు. మీరు వినేదీ, మీరు మాట్లాడేదీ రెండూ అందులోంచే పోవాలి. అందుకని స్టీరియో పోయి మోనో (రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం) అవుతుంది, శాంపిళ్లు 16,000కి, పాత పద్ధతిలో కలిస్తే 8,000కి పడిపోతాయి. 8,000 అంటే పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లో వినపడే గొంతు. మీరు డబ్బా అన్నది దాన్నే. ఖరీదైన హెడ్‌ఫోన్స్‌కి కూడా ఈ జబ్బు ఉంది. ఎల్‌ఈ ఆడియో అని కొత్త పద్ధతి ఒకటి వచ్చింది, దాంట్లో ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు. కాకపోతే హెడ్‌ఫోన్సూ ల్యాప్‌టాపూ రెండిట్లోనూ అది ఉండాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌ని మనం మార్చలేం కదా.

దీనికి విరుగుడు మీటింగు యాప్ సెట్టింగ్స్‌లో ఉంది. స్పీకర్ దగ్గర ఇయర్‌బడ్స్ పేరు అలాగే ఉంచి, మైక్ దగ్గర ల్యాప్‌టాప్ సొంత మైక్ ఎంచుకోండి. శబ్దం వెంటనే తేటపడుతుంది. మీ ఇంట్లో దీనికో చిక్కు లేకపోలేదు. ల్యాప్‌టాప్ మైక్ అత్తగారి సీరియల్‌ని కూడా మీ మేనేజర్‌కి వినిపిస్తుంది. కాబట్టి ఊరికే వింటూ కూర్చునే మీటింగులకి ఇలా పెట్టుకోండి, మీరే మాట్లాడాల్సిన వాటికి డబ్బా గొంతుతో సర్దుకోండి. వైరు ఉంటే ఈ గొడవే లేదు, ఆ మాట దాని దగ్గర చెప్తాను.

మీ తమ్ముడు చెప్పేదీ అబద్ధం కాదు, మీవారు చెప్పేదీ అబద్ధం కాదు. ఆ అబ్బాయి కళ్లు మూసుకుని పాట వినే మనిషి. మీవారికి హెడ్‌ఫోన్స్‌తో రోజుకి పది నిమిషాలు పని ఉంటుందేమో. మీ రోజు వేరు. నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఈ ఇయర్‌బడ్స్‌తో ఎన్నిసార్లు విసుక్కున్నారో ఒక కాగితం మీద రాయండి. జారిపడ్డది ఆరుసార్లు, ఫోన్‌కి మార్చింది నాలుగుసార్లు, మ్యూట్ అయిందో లేదో చూసుకున్నది ఇరవైసార్లు... ఇలా ఏదో వస్తుంది. డబ్బు పెట్టాల్సింది ఆ కాగితంలో పైనున్న వాటికి. పాట ఎంత బాగా వినపడుతోంది అన్నది మీ ఉత్తరంలో ఒక్కసారి కూడా రాలేదు, గమనించారా?

మల్టీపాయింట్ సంగతి చూద్దాం. ఒకే హెడ్‌ఫోన్స్ ఒకేసారి రెండు పరికరాలకి కలిసి ఉండటమే మల్టీపాయింట్. ల్యాప్‌టాప్‌లో మీటింగు నడుస్తుండగా ఫోన్ మోగితే ఆ మోత చెవిలోనే వినపడుతుంది, బటన్ నొక్కితే ఫోన్ మాట్లాడొచ్చు. మీ అవసరానికి కొలత తీసుకుని కుట్టినట్టుంది. చవకరకాల్లో కూడా ఇప్పుడు చాలావాటిలో దొరుకుతోంది. కాకపోతే డబ్బా మీద ఒక మాట జాగ్రత్తగా చదవాలి. "రెండు పరికరాలను గుర్తుపెట్టుకుంటుంది" అంటే మల్టీపాయింట్ కాదు. ఒకదాన్ని వదిలి ఇంకోదానికి మారడానికి పేరు గుర్తుంచుకుంటుంది, అంతే. రెండిటికీ ఏకకాలంలో కనెక్ట్ అవుతుందని స్పష్టంగా రాసి ఉండాలి. దీని వల్ల వచ్చే చిరాకులూ ఉన్నాయి. ఫోన్‌లో ఏ మెసేజో వచ్చి టింగుమంటే, ఆ ఒక్క టింగు కోసం మీటింగు శబ్దం అర సెకను ఆగిపోతుంది కొన్నిటిలో. ఫోన్ నోటిఫికేషన్లకి శబ్దం తీసేసి, కాల్స్‌కి మాత్రమే ఉంచితే ఆ బాధ తగ్గుతుంది.

నాయిస్ క్యాన్సిలేషన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే చవకరకం డబ్బాల మీద జనం బోల్తాపడేది ఇక్కడే. నేనూ పడ్డాను. పెద్దక్షరాల్లో నాయిస్ క్యాన్సిలేషన్ అని చూసి కొనుక్కొచ్చి, చెవుల్లో పెట్టుకుని బటన్ కోసం అంతా తడిమాను. పక్కింటి డ్రిల్లింగ్ మిషన్ ఎప్పటిలాగే గోడలోంచి నా బుర్రలోకి దిగుతోంది. డబ్బా తిప్పి చూస్తే అది ఏఎన్‌సీ కాదు, ఈఎన్‌సీ. ఒక్క అక్షరం తేడా. ఏఎన్‌సీ మీ చెవికి చేరే రొదని తగ్గిస్తుంది. ఈఎన్‌సీ మీ మైక్‌లో పడే రొదని తగ్గిస్తుంది, దాని లాభమంతా అవతల వినేవాళ్లకి. మీకు రెండోది కూడా పనికొస్తుంది, టీవీ పక్కన కూర్చుని మాట్లాడతారు కాబట్టి. ఒకటనుకుని ఇంకోటి కొనకూడదు, అంతే.

అసలు ఏఎన్‌సీ మీ టీవీని ఆపుతుందా? పూర్తిగా ఆపదు. బయటి శబ్దాన్ని చిన్న మైక్‌తో విని, దానికి తలకిందులుగా ఉండే అలని పుట్టించి, రెండూ కొట్టుకుపోయేలా చేయడం దాని పని. ఫ్యాన్ హోరు, ఏసీ, బస్సు ఇంజను లాంటి మంద్రమైన, ఒకే తీరు శబ్దాల మీద బాగా పనిచేస్తుంది. శబ్దం సన్నబడి సుమారు 1,000 హెర్ట్జ్ (సెకనుకి వెయ్యి కంపనాలు) దాటాక దాని బలం తగ్గిపోతుంది. మనిషి మాటలో మనం అక్షరాలని గుర్తుపట్టేది ఎక్కువగా ఆ పైనున్న శబ్దాలతోనే. అందుకే కొందరికి ఏఎన్‌సీ వేయగానే ఫ్యాన్ హోరు పోయి, టీవీలో డైలాగులు ఇంకా తేటగా వినపడతాయి. ఆ పై శబ్దాలని ఆపేది చెవికి గట్టిగా కుదురుకున్న రబ్బరు టిప్పో, చెవి చుట్టూ పరుచుకున్న మెత్తటి ప్యాడో మాత్రమే. మీ శత్రువు ఫ్యానయితే ఏఎన్‌సీకి డబ్బు పెట్టండి. టీవీ అయితే ప్యాడ్లకి పెట్టండి. ఇద్దరూ కలిసి ఉంటే రెండూ.

ఇక కళ్లజోడు. చెవి చుట్టూ ఉండే పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు, కళ్లజోడు కాడ ప్యాడ్ కిందినుంచి వెళ్తుంది. చెవి పైభాగాన, కణత దగ్గర ప్యాడ్ కొంచెం పైకి లేస్తుంది. ఆ సందులోంచి పాటలోని మంద్రశబ్దం, అదే బేస్, బయటికి పోతుంది, బయటి రొద లోపలికి వస్తుంది. ఏఎన్‌సీ కూడా సగం వృథా. అంతకన్నా పెద్ద బాధ నొప్పి. మొదటి పది నిమిషాలు ఏమీ తెలియదు. నలభై నిమిషాలయ్యాక కాడ నొక్కుకున్న చోట సూదితో పొడిచినట్టుంటుంది. చెవి మీదే ఆనే చిన్నరకం హెడ్‌ఫోన్స్ అయితే చెవినే కాడకి అదుముతాయి, వాటి జోలికి వెళ్లకండి. ప్యాడ్ మందంగా, వేలితో నొక్కితే మెల్లగా లోపలికి దిగి మెల్లగా పైకి వచ్చేలా ఉండాలి. బరువు 250 గ్రాముల లోపు అయితే మెడకి సుఖం. ఎవరి దగ్గరైనా అలాంటివి ఉంటే అరువు తెచ్చుకుని, మీ కళ్లజోడుతోనే, ఒక పూర్తి మీటింగు పెట్టుకుని చూడండి. ఇష్టం లేకపోతే వెనక్కి తీసుకుంటారో లేదో కొనకముందే అడగండి. చెవిలోకి దూరే వాటిని శుభ్రత పేరుతో చాలాచోట్ల వెనక్కి తీసుకోరు.

టచ్ కంటే బటన్లే మేలని నా గట్టి అభిప్రాయం. రాత్రి అంట్లు తోముకుంటూ కథలు వింటానన్నారు. తడివేలితో టచ్‌ని తడితే అది వినదు, జుట్టు సర్దుకుంటుంటే మాత్రం విని కాల్ కట్ చేస్తుంది. చూడకుండా వేలికి దొరికే మ్యూట్ బటన్ ఉంటే, మీలాంటి ఉద్యోగానికి అదొక్కటే మిగతా అయిదు ఫీచర్ల పెట్టు.

బ్యాటరీ మీద చిన్న లెక్క చేద్దాం, మీ మొదటి జత ఎందుకు పోయిందో అందులో ఉంది. వీటన్నిట్లోనూ లిథియం అయాన్ బ్యాటరీలే. సుమారు 500 సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యేసరికి అవి మొదట్లో నిలిచినంతసేపు నిలవవు. ఇయర్‌బడ్స్ ఒక చార్జింగ్‌కి అయిదు గంటలు వస్తాయనుకోండి. మీరు రోజుకి అయిదు గంటలు వాడితే రోజుకో వంతు, అంటే ఒకసారి నిండి ఖాళీ అవడం. 500 రోజులంటే ఏడాదిన్నర కూడా కాదు. మీ జత సరిగ్గా అప్పుడే పోయింది. అది మీ తప్పూ కాదు, చవకతనం ఒక్కదాని వల్లా కాదు. బ్యాటరీ మరీ చిన్నది, వాడకం ఎక్కువ. అదే 40 గంటలు వచ్చే పెద్ద హెడ్‌ఫోన్స్ అయితే ఎనిమిది రోజులకి ఒక వంతు అవుతుంది. వాటి బ్యాటరీ కంటే ముందు ప్యాడ్ల మీది నకిలీ తోలు పొరలుగా ఊడుతుంది. విడి ప్యాడ్లు దొరికే మోడలా కాదా అని చూసుకోవడం అందుకే. ఇంకో మాట, ఇయర్‌బడ్స్ డబ్బా మీద 50 గంటలు అని ఉంటే అది కేసులో ఉన్న చార్జింగ్‌తో కలిపి చెప్పిన లెక్క. చెవిలో ఉన్నది ఎంతసేపు వస్తుందో కింద చిన్నక్షరాల్లో వెతుక్కోవాలి.

తమ్ముడి జాబితా త్వరగా ముగిద్దాం. ఎల్‌డాక్ సెకనుకి 990 కిలోబిట్ల దాకా పంపగలదు, అన్నిట్లో ఉండే మామూలు పద్ధతి ఎస్‌బీసీ సుమారు 328. కానీ అది పాటల దారికి సంబంధించిన గొప్ప, మీటింగు దారిలో దానికి ప్రవేశం లేదు. మీది ఐఫోన్ అయితే అసలే పనిచేయదు. పైగా కొన్ని హెడ్‌ఫోన్స్‌లో మల్టీపాయింట్ వేస్తే ఎల్‌డాక్ ఆగిపోతుంది. డ్రైవర్ 50 మిల్లీమీటర్లయినంత మాత్రాన శబ్దం బాగుండాలని లేదు, గిన్నె పెద్దదైతే కూర రుచి పెరుగుతుందా? బ్లూటూత్ నంబరు ఎక్కువుంటే పాట బాగుంటుందన్నదీ అంతే. చెవిలోంచి తీయగానే పాట ఆగడం ముచ్చటైన సౌకర్యం, లేకపోతే ఏమీ ఆగిపోదు. చెమటకీ తుంపర్లకీ ఐపీఎక్స్4 ఉంటే మీ వంటింటికి చాలు. పాపం, ఆ అబ్బాయి ప్రేమతోనే చెప్తున్నాడు. వీడియోలు పంపొద్దని కాకుండా, "మల్టీపాయింట్, బటన్లు, మెత్తటి ప్యాడ్లు, 250 గ్రాములు, ఈ నాలుగూ ఉన్నవాటిలో అన్నిటికంటే చవకది వెతికిపెట్టరా" అని పని అప్పగించండి. ఆడియో పిచ్చివాళ్లకి అంతకు మించిన సంతోషం ఉండదు.

మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, ఇప్పుడేమీ కొనకపోవడం. ఎడమది జారుతోంది కదా, డబ్బాలో వచ్చిన రబ్బరు టిప్పుల్లో పెద్దది ఆ ఒక్క చెవికి పెట్టి చూడండి. రెండు చెవుల రంధ్రాలూ ఒకే సైజులో ఉండాలని లేదు, చాలామందికి ఉండవు. మైక్ సెట్టింగ్ మార్చండి. దీంతో సగం విసుగు పోతుంది. ఫోన్‌కి మార్చుకునే అవస్థ మాత్రం మిగిలిపోతుంది, బ్యాటరీ లెక్క కూడా పాతదే.

రెండోది, ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ వైరు హెడ్‌సెట్, నోటి ముందుకి వచ్చే మైక్ కాడతో. ఇయర్‌బడ్స్‌ని ఇక ఫోన్‌కే అంటిపెట్టండి, ల్యాప్‌టాప్‌లో వాటి పేరే తీసేయండి. కలపడం, విడదీయడం అన్న మాటే ఉండదు. వైరు కాబట్టి డబ్బా గొంతు లేదు, చార్జింగ్ లేదు. మైక్ నోటికి రెండు వేళ్ల దూరంలో ఉంటుంది గనుక టీవీ శబ్దం వెనకబడుతుంది. మీవారి మాటలో నిజం ఉన్నది ఇక్కడే. ల్యాప్‌టాప్‌కి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే, సొరుగులో ఉన్నవాటితో రెండు రోజులు చేసి చూడండి. వాటి మైక్ మెడ దగ్గర వేలాడుతూ బట్టలకి రాసుకుని గరగరమంటుంది, కానీ వైరుతో మీకు పొసుగుతుందో లేదో తెలుస్తుంది. నష్టం ఏమిటంటే మీటింగు మధ్యలో లేచి వెళ్లలేరు. మర్చిపోయి లేస్తే ల్యాప్‌టాప్ కూడా మీతో లేస్తుంది.

మూడోది, మల్టీపాయింట్ ఉన్న పెద్ద బ్లూటూత్ హెడ్‌ఫోన్స్. ఒకే వస్తువుతో అన్నీ అయిపోతాయి, బ్యాటరీ గొడవ ఏళ్ల తరబడి ఉండదు. కళ్లజోడు పరీక్షలో నెగ్గాలి, ఎండాకాలం చెవులు ఉడుకుతాయి, పక్కకి తిరిగి పడుకుని వినలేరు, మాట్లాడే మీటింగుల్లో డబ్బా గొంతు తప్పదు. ఇంకోటి, చెవులు రెండూ మూసుకుంటే మన గొంతు మనకి వినపడక అరుస్తాం. సైడ్‌టోన్ అని కొన్నిటిలో ఉంటుంది, మీ మాట మీకు కొద్దిగా వినిపిస్తుంది. పాప నిద్రపోయే ఇంట్లో అది చిన్న విషయం కాదు.

నా మొగ్గు రెండో దారి వైపు. మీటింగుల మధ్య ఎన్నిసార్లు లేవాల్సి వస్తుందో మీకే తెలుసు. రోజుకి పదిసార్లయితే మూడోదే మీది.

ఏ దారయినా వాల్యూమ్ సగం దాటనివ్వకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు, 90కి పెంచితే నాలుగు గంటలే. టీవీని మించి వినపడాలని పెంచుకుంటూ పోయేవాళ్లకి తెలియకుండా జరిగే నష్టం ఇది.

అత్తగారి విషయం. ఇయర్‌బడ్స్ జుట్టు కింద ఆవిడకి కనపడవు. మీరు వింటూ కూడా పలకడం లేదనుకోవడంలో ఆవిడ తప్పు లేదు. పెద్ద హెడ్‌ఫోన్స్ అయితే హాలు ఆ చివర్నుంచే కనిపిస్తాయి. ఊరికే వినే మీటింగులకి ఒక్క కుడిచెవిదే పెట్టుకోండి, సెట్టింగ్స్‌లో మోనో ఆడియో వేస్తే ఏ మాటా తప్పిపోదు. రెండూ పెట్టుకునే వేళల్లో, బయటి శబ్దాన్ని లోపలికి పంపే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉంటే వేసుకోవచ్చు, ఏఎన్‌సీ ఉన్న చాలా మోడళ్లలో అది కూడా ఉంటుంది. అది వేస్తే టీవీ కూడా లోపలికి వస్తుందనుకోండి, ఏది నయమో మీరే చూసుకోవాలి. తల మీద పెద్ద హెడ్‌ఫోన్స్ ఉంటే మాట్లాడుతున్నానని, మెడలో ఉంటే పిలవొచ్చని ఆవిడతో ఒకసారి చెప్పి చూడండి.

చివరిగా సంజాయిషీ. రోజుకి నాలుగైదు గంటలు మీ చెవుల్లో ఉండేది ఆఫీసు పని. అది మీ సరదా ఖర్చు ఎలా అయింది? ఇంట్లో ముగ్గురితో దీని గురించి మాట్లాడారు, నాకూ రాశారు. ల్యాప్‌టాప్ ఇచ్చిన ఆఫీసుని హెడ్‌సెట్ అడిగినట్టు మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. కొన్ని ఆఫీసులు అడిగితే ఇస్తాయి, అడగకపోతే వాటికి గుర్తుకు రాదు. రేపు ఒక మెయిల్ పెట్టి చూడండి. జవాబు వచ్చేదాకా కుడిచెవితో, సొరుగులోని వైరుతో నెట్టుకురండి.